సన్నదు లేని ఆటగాడు

విజయనగరము పట్టణములో విజ్జీ పేరిట ఒక క్రీడామైదానము కలదు. సాయంకాలము అక్కడ పరుగులిడు పిల్లలకు ఆ పేరు ఎవరో రాజుగారిదని మాత్రమే తెలిసియుండవచ్చును. 1950వ దశకములో రేడియో పెట్టె చుట్టు చేరి, ఐదేసి దినములు సాగెడి టెస్టు ఆటల వ్యాఖ్యానములు విన్న కుటుంబముల వారికి అట్లు కాదు. వారికది ఒక కంఠస్వరము. ఆ స్వరము పూసపాటి విజయానంద గజపతిరాజు గారిది. ఇంగ్లీషు పత్రికలు ఆయనను విజయనగర మహారాజకుమారుడని వ్రాసెడివి. స్నేహితులు విజ్జీ అని పిలిచెడివారు.

క్రికెట్టు చరిత్రలో ఆయన పేరు వచ్చిన చోటనెల్ల మరియొక పేరు వెన్నంటి వచ్చును. అది లాలా అమరనాథ్ గారి పేరు. 1936వ సంవత్సరమున ఇంగ్లండులో భారత జట్టునకు నాయకుడుగా నుండిన మన రాజకుమారుడు, ఆ జట్టులో మేలైన ఆటగాండ్రలో నొకడైన అమరనాథ్‌ను టెస్టు ఆటలు మొదలు కాకమునుపే స్వదేశమునకు పంపివేసినారు. ఈ కథను ఇద్దరు మనుష్యుల కోపతాపముల కథగా చెప్పుట వాడుకయైనది. మేము దానిని వేరొక వైపు నుండి చూడదలచినాము. ఆటగానికిని జట్టునకును నడుమ గల కట్టుబాటు ఏది? దానిని తెంచు హక్కు ఎవరిది? తెంచిన తరువాత ఆటగాడు పోయి మొర పెట్టుకొనదగిన తావు ఏది?

కాగితము మీది కట్టుబాటు ఎంత విలువైనదో పూసపాటివారికి తెలియనిది కాదు. ఈస్టిండియా కంపెనీ వారికి చెల్లవలసిన పేష్కషు బాకీల తగవు ముదిరి, 1794 జూలై 10వ తేదీన పద్మనాభము వద్ద యుద్ధమైనది. ఆ యుద్ధములో చినవిజయరామరాజు గారు నేలకొరిగినారు. ఆయన కుమారుడు నారాయణబాబు గారు కొండదొరల ఆశ్రయమున కొంతకాలముండి, పిమ్మట కంపెనీ వారితో సమాధానపడినారు. 1802లో శాశ్వత పరిష్కారము వచ్చినపుడు జమీందారీకి సన్నదు దొరకినది. పేష్కషు ఏటా 5 లక్షల రూపాయలని తేలినది. ఆ మొత్తము భారమే. అయినను అది ఒక అంకె. కాగితము మీద పడిన అంకె. అంతకు మించి కోరుటకు కంపెనీకి వీలు లేదు, తగ్గించి కట్టుటకు రాజునకు వీలు లేదు. అట్టి అంకె లేని రోజులలో ఏమి జరిగినదో పద్మనాభపు కొండ చెప్పుచునే యున్నది.

ఇక ఆ రాజుల కొలువులో నుండిన విద్వాంసుల మాట. విజయనగరము గానమునకు, సాహిత్యమునకు, సాముగరిడీలకు పెట్టినది పేరు. 1919లో సంగీత పాఠశాల వెలసినది. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి అధ్యక్షులు. ద్వారము వెంకటస్వామినాయుడు గారు వాయులీనమునకు ఆచార్యులు. పాఠశాల వచ్చినదాకా విద్వాంసుని బ్రతుకు రాజుగారి మెప్పు మీద ఆధారపడినది. మెప్పు కలిగినచో శాలువ, కంకణము, ఈనాము. మెప్పు తప్పినచో మరియొక సంస్థానమునకు బాట. పాఠశాలలో ఉద్యోగమన్న అది నెల జీతము, ఒక పదవి, ఒక గౌరవము. కానుక వేరు, జీతము వేరు అను భేదము మన వారికి సంగీతములో ముందుగా తెలిసినది. బలప్రదర్శనలో మరియొక త్రోవ త్రొక్కినవారు శ్రీకాకుళము సీమలోని వీరఘట్టము వారైన కోడి రామమూర్తినాయుడు గారు. ఆయన ఎవరి మెప్పు కొరకును కాచుకొనలేదు; తన సర్కసుకు తానే యజమాని.

క్రికెట్టులో ఈ రెండు త్రోవలును 1930వ దశకమున భారతీయ ఆటగానికి మూసియుండెను. ఇచట ఆటకు జీతము లేదు. ఆటగాండ్రలో ధనవంతులు సొంత సొమ్ముతో ఆడిరి. తక్కిన వారు ఏదో ఒక సంస్థానమున ఏదో ఒక కొలువు పేరిట పోషణ పొందిరి. మచిలీపట్నము నుండి నాగపురము చేరిన తెలుగు కుటుంబములో పుట్టిన కర్నల్ సి. కె. నాయుడు గారంతటి వారికి కూడ ఇందూరు హోల్కరు మహారాజు సైన్యములో పదవియే జీవనాధారము. ఆయన పేరు ముందరి కర్నల్ అను మాట అట్లు వచ్చినదే.

విజయానంద గజపతి గారు 1905 డిసెంబరు 28వ తేదీన జన్మించినారు. విజయరామ గజపతి మహారాజుగారి రెండవ కుమారులు. అజమీరులోని మేయో కళాశాలలోను, ఇంగ్లండులోని హెయిలీబరీలోను చదివినారు. జమీందారీ అన్నగారిది గనుక ఆయన కాశీలోని కుటుంబపు ఆస్తుల వద్ద నివాసమేర్పరచుకొని, 1926లో అచటి భవనపు ఆవరణములో మైదానము తయారు చేయించి, సొంత జట్టును కూర్చినారు. 1930లో దేశములోని రాజకీయ పరిస్థితి చూచి ఇంగ్లీషు జట్టు తన పర్యటన మానుకొనగా, ఈయన సొంత ఖర్చుతో జాక్ హాబ్సును, హెర్బర్టు సట్‌క్లిఫును రప్పించి భారతదేశములోను సింహళములోను ఆటలాడించినారు. ఆ కాలమున ప్రపంచములోకెల్ల పేరు మోసిన ప్రారంభపు ఆటగాండ్రు వారు. ఈ మేలును మరచుట న్యాయము కాదు. ఆ ఇద్దరి ఆటను కన్నులార చూచి నేర్చుకొన్న కుర్రవాండ్రు ఈ దేశమున ఎందరో!

అయితే మైదానము తనది, బంతి తనది, బ్యాటు తనది, భోజనము తనది అయినపుడు జట్టు కూడ తనదే యను తలంపు సహజముగా కలుగును. కాశీ భవనపు తోటలో అది చెల్లును. దేశపు జట్టునకు నాయకుడైనపుడు అది చెల్లునా యనునదే చిక్కు.

అమరనాథ్ గారు 1911 సెప్టెంబరు 11వ తేదీన పంజాబులోని కపూర్తలాలో సామాన్య కుటుంబమున పుట్టినారు. బ్యాటు పట్టినను, బంతి వేసినను ఘనుడే. బంతి వేయుటలో ఆయన పద్ధతి విచిత్రము: నాలుగడుగుల పరుగు, ఎడమ కాలు ముందో కుడి కాలు ముందో తెలియని తొట్రుపాటు వంటి నడక, ఆపైన లోపలికి తిరుగు బంతి. 1933 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానమున, భారత గడ్డ మీద జరిగిన మొట్టమొదటి టెస్టులో, ఆయన తన తొలి టెస్టు ఆటలోనే 118 పరుగులు చేసినారు. భారతీయుడు టెస్టులో చేసిన మొదటి శతకమది. రెండవ వైపున నిలిచి ధైర్యము చెప్పినవారు నాయకుడైన సి. కె. నాయుడు గారే, ఇద్దరును కలిసి 186 పరుగులు జోడించినారు. ఆ సాయంకాలము స్త్రీలు తమ ఒంటి మీది నగలు తీసి ఇచ్చినారనియు, రాజులు ధనము కురిపించినారనియు ఆనాటి కథనములు. చూడుడు, ఇరువది రెండేండ్ల యువకుడు దేశమునకు తొలి శతకము తెచ్చిపెట్టగా అతనికి చేరినవన్నియు కానుకలే. అందులో ఒక్క రూపాయియైనను అతడు హక్కుగా అడిగి తీసికొనదగినది కాదు.

1936 పర్యటనకు మొదట నాయకుడుగా అనుకొన్నవారు పటౌడీ నవాబు గారు. ఆరోగ్య కారణమున ఆయన తప్పుకొన్నారు. అప్పుడు అనుభవమును బట్టి చూచిన నాయుడు గారే తగినవారు. 1932లో లార్డ్సు మైదానమున భారతదేశపు మొదటి టెస్టునకు నాయకత్వము వహించినది ఆయనయే. అయితే క్రికెట్టు బోర్డులో ఆట కంటె అంతస్తుకు పలుకుబడి మెండు. వైస్రాయి విల్లింగ్డను ప్రభువుతో మన రాజకుమారునికి గల చనువు లోకవిదితము. ఆ ప్రభువు పేరిట బంగారు కప్పును చేయించియిచ్చినదియు ఈయనయే. నాయకత్వము విజ్జీ గారిని వరించినది. మేనేజరుగా వైస్రాయి కొలువునకు చెందిన మేజరు బ్రిటన్‌జోన్సు వెళ్లినారు. తెలుగు మూలములు గల వారిద్దరు ఒకే జట్టులో ఒకరు నాయకుడుగా, ఒకరు అనుచరుడుగా ఓడ ఎక్కుట మనకు గర్వకారణము కావలసినది. జట్టు రెండు పక్షములుగా చీలుటకు అదియే నాంది యైనది.

ఆ వేసవిలో అమరనాథ్ ఆట పైపైకి పోవుచుండెను. ఎసెక్సు కౌంటీ మీద ఒకే ఆటలో రెండు శతకములు, 130ని 107ను, చేసినారు. తిరిగి పంపబడు నాటికి ఆయన లెక్క 613 పరుగులు, 32 వికెట్లు. అదే సమయమున నాయకునితో పొసగకపోవుట కూడ పెరుగుచుండెను. బంతి వేయువాడు తన బంతికి తగినట్లు మనుష్యులను నిలుపుమని కోరును. అది అతని పనిముట్టు వంటిది. నాయకుడు ఆ కోరికను త్రోసివేసినచో బంతి వేయువాని కష్టము వృథా యగును. ఇట్టి మాటామాటా ఒకటి రెండు మారులు జరిగినది. నడుము నొప్పిగా ఉన్నదని చెప్పినను విశ్రాంతి దొరకలేదన్నది అమరనాథ్ ఫిర్యాదు. క్రమశిక్షణ తప్పుచున్నాడన్నది నాయకుని, మేనేజరుని ఫిర్యాదు.

జూన్ నెలలో, మొదటి టెస్టునకు కొలది దినములు ముందుగా, లార్డ్సులో మైనరు కౌంటీల జట్టుతో ఆట వచ్చినది. అమరనాథ్‌ను కాళ్లకు ప్యాడ్లు కట్టుకొని సిద్ధముగా నుండుమన్నారు. వికెట్టు పడినది; మరియొకరిని పంపినారు. మరల పడినది, మరల మరియొకరు. ప్యాడ్లు కట్టుకొని కూర్చున్న ఆటగాడు ఒక విచిత్రమైన స్థితిలో నుండును. భోంచేయలేడు, పండుకొనలేడు, నలుగురితో నవ్వలేడు. చూపు మైదానము మీద, చెవి నాయకుని పిలుపు మీద. నడుము నొప్పి కలవానికి ఆ నిరీక్షణ ఇంకను కష్టము. తీరా ఆయనకు పిలుపు వచ్చుసరికి ఆట ముగియుటకు కొలది నిమిషములే మిగిలియున్నవి. మరలి వచ్చి సామానును గదిలో విసరివేసి, జరుగుచున్నదేమిటో తనకు తెలియునన్న అర్థము వచ్చునట్లు పంజాబీలో ఏదో గొణిగినారు.

నేరమంతయు ఇదే. ముందటి హెచ్చరికలకు ఇది తోడయినదని నాయకుడును మేనేజరును తలచినారు. తోడి ఆటగాండ్రు కొందరు నచ్చజెప్ప చూచినారు గాని లాభము లేకపోయినది. మొదటి టెస్టునకు జట్టు సన్నద్ధమగుచుండగా అమరనాథ్ ఓడ మీద స్వదేశాభిముఖుడై యుండెను.

శ్రోతలు ఒక్క క్షణము ఇచట నిలువవలెను. అభియోగము తెచ్చినవారు నాయకుడును మేనేజరును. విచారించినవారును వారే. తీర్పు చెప్పి అమలు జరిపినదియు వారే. ప్రతివాది మాటను విని నిలుపుదల చేయుటకు సముద్రమునకు ఈవల నున్న బోర్డు తప్ప వేరు గతి లేదు; బోర్డు మేలుకొనులోపల ఓడ బయలుదేరినది. ఆ యువకుని యొద్ద చూపదగిన కరారునామా ఏదియు లేదు. ఏ తప్పునకు ఏ శిక్ష, శిక్షకు ముందు ఎవరి విచారణ, పోయిన ఆటలకు ఏమి పరిహారము అని వ్రాసియున్న వాక్యము లేదు. మా మాటలో చెప్పవలెనన్న, సన్నదు లేదు.

అదే వేసవిలో అదే ఇంగ్లండులో సన్నదు గల భారతీయ బౌలరు ఒకడుండెను. రాజకోట వాడైన అమరసింగు లాంకషైరు ప్రాంతపు కోల్న్ అను చిన్న పట్టణపు క్లబ్బుతో ఒడంబడిక చేసికొని, జీతము పుచ్చుకొని ఆడుచుండెను. ఆ నేత మిల్లుల పట్టణములలో శనివారపు ఆటలు పెద్ద వేడుక. క్లబ్బు ఒక్కొక్కటి ఒక్కొక్క జీతగాని నిలుపుకొనును. అతడు ఏబది పరుగులు చేసినచో ప్రేక్షకులలో టోపీ త్రిప్పి చందా వసూలు చేసి ఇత్తురు. అది జీతమునకు పైమాట. అమరసింగు భారత జట్టునకు ఆడవలెనన్న క్లబ్బు అనుమతి కావలెను. కోల్న్ వారు విడిచిన దినములలోనే ఆయన భారత జట్టుతో ఉండగలిగెను. ఇది జట్టునకు ఇబ్బందియే. కాని ఆ ఒడంబడిక ఆయనకు ఒక రక్ష కూడ. భారత జట్టు నాయకునికి కోపము వచ్చినను ఆయన తిండి పోదు, ఆయనను ఓడ ఎక్కింపజాలరు. ఆయన పని ఇంగ్లండులోనే యున్నది. ఇంగ్లండులో జీతపు ఆటగాండ్రకును దొరలకును వేరువేరు ద్వారములుండెడి రోజులవి. ఆ భేదము 1962 వరకు పోలేదు. చిన్న ద్వారము గుండా లోపలికి పోవు వాని చేతిలో కాగితము ఉండెను. పెద్ద ద్వారము గుండా పోవు మన అమరనాథ్ చేతిలో ఏమియు లేకుండెను.

జూన్ 27వ తేదీన లార్డ్సులో మొదటి టెస్టు ఆరంభమైనది. మొదటి ఇన్నింగ్సులో భారతము 147 పరుగులు చేసినది. అమరసింగు 35 పరుగులకు 6 వికెట్లు పడగొట్టగా ఇంగ్లండు 134 పరుగులకే కూలినది. పదమూడు పరుగుల ఆధిక్యము! రెండవ ఇన్నింగ్సులో మనవారు 93 పరుగులకే ముగిసి తొమ్మిది వికెట్ల తేడాతో ఓడినారు. అమరనాథ్ ఉన్నచో గెలిచెడివారమని మేము అనము. అట్టి లెక్కలు ఆటలో చెల్లవు. రెండవ వైపు నుండి బంతి వేయుటకును, ఆ 93ను కొంత పెంచుటకును ఉపయోగపడదగిన వాడు ఆ సమయమున సముద్రము మీద నుండెనని మాత్రము అందుము. మాంచెస్టరులో మర్చెంటు, ముస్తాక్ అలీ మొదటి వికెట్టునకు 203 పరుగులు జోడించి ఆటను కాపాడినారు. ఓవల్ మైదానములో మరల తొమ్మిది వికెట్ల ఓటమి. నాయకుడు మూడు టెస్టులలో మొత్తము 33 పరుగులు చేసినారు. ఆ వేసవిలోనే ఆయనకు సర్ బిరుదు లభించినది. స్వాతంత్ర్యము వచ్చిన 1947లో ఆయన ఆ బిరుదును విడిచిపెట్టినారనుట కూడ ఇచటనే చెప్పవలెను.

దేశములో గగ్గోలు పుట్టినది. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమంటు అధ్యక్షతన విచారణ సంఘ మేర్పడినది. 1937 జనవరిలో ఆ సంఘము నివేదిక వెలువడినది. అమరనాథ్ మీది అభియోగములు నిలువలేదు. నాయకుని విషయమున నివేదిక కఠినముగా మాటలాడినది: మైదానములో మనుష్యులను నిలుపుట, బౌలర్లను మార్చుట ఆయనకు తెలియవనియు, బ్యాటింగునకు ఒక క్రమమును పాటింపలేదనియు, మంచి ఆటగాండ్రు వారముల తరబడి ఊరక కూర్చుండవలసి వచ్చినదనియు చెప్పినది. విజ్జీ గారు ఆపైన టెస్టు ఆడలేదు.

న్యాయము గెలిచినదని సంతోషింపవచ్చును. కాని ఆ న్యాయము ఎప్పుడు వచ్చినది? ఆట ముగిసి, వేసవి గడచి, ఓడలన్నియు తిరిగి వచ్చిన పిమ్మట. మూడు టెస్టులు పోయినవి. భారతదేశము మరల టెస్టు ఆడినది 1946లో. మధ్య యుద్ధము వచ్చినది. 1934 ఆరంభములో టెస్టు ఆడిన అమరనాథ్ పండ్రెండేండ్ల తరువాత, 34 ఏండ్ల వయస్సున, మరల టెస్టు మైదానమున అడుగు పెట్టినారు. యుద్ధమునకు విజ్జీ గారు బాధ్యులు కారు. అయినను ఆ నడుమ కాలమున ఆయనకు దక్కదగిన టెస్టులు ఆ మూడే. జీవితమంతయు కలిపి ఆయన ఆడిన టెస్టులు 24. శతకము మాత్రము బొంబాయిలో చేసిన ఆ ఒక్కటే.

ఈ పండ్రెండేండ్ల నడుమ జరిగిన ఒక సంగతి మాకు మిక్కిలి ఇష్టమైనది. 1938లో అమరనాథ్ తిరిగి ఇంగ్లండునకు వెళ్లినారు. ఈ మారు రాజకుమారుని జట్టులో కాదు, లాంకషైరులోని నెల్సను అను క్లబ్బు వారి జీతగాడుగా. కోల్న్ పట్టణమునకు ఇరుగుపొరుగు ఊరు అది. అంతకు ముందు పలు సంవత్సరములు అచట వెస్టిండీసు మేటి ఆటగాడు లీరీ కాన్‌స్టంటైను ఆడియుండెను. ఆయన వెళ్లిన తరువాతి ఏటనే ఈయన చేరినారు. మేనేజరు ఓడ ఎక్కించి పంపిన దేశమునకే, రెండేండ్లకు, ఒడంబడిక చేతబట్టుకొని పోవుట!

ఒడంబడిక ఉండుటయే చాలునా అని అడుగువారుందురు. చాలదు. అమెరికా వారి బేస్‌బాలు ఆటలో ఒడంబడికలకు కొదువ లేదు. కాని ఒకసారి సంతకము చేసిన ఆటగాడు యజమాని విడుచువరకు వేరు జట్టునకు పోరాదను నిబంధన దశాబ్దముల తరబడి వారిని బంధించినది. అచట బంతి విసరువానిని పిచ్చరు అందురు. మన బౌలరు వంటివాడు. 1974లో జిమ్ హంటరు అను పిచ్చరునకును, ఓక్లండు జట్టు యజమాని చార్లెస్ ఫిన్లీకిని తగవు వచ్చినది. జీతము లక్ష డాలర్లు. అందులో సగము నేరుగా ఇయ్యక, ఆటగాడు కోరినట్లు బీమా సంస్థకు కట్టవలెనని ఒప్పందములో వ్రాసికొన్నారు. యజమాని కట్టలేదు. ఆటగాడు మధ్యవర్తి యొద్దకు పోయినాడు. మధ్యవర్తి పీటరు సైట్జు కాగితము చదివి, యజమాని మాట తప్పెను గనుక ఆటగాడు స్వతంత్రుడని తీర్పు చెప్పినాడు. ఆ ఏడాది చివరి దినమున హంటరు న్యూయార్కు యాంకీల జట్టుతో ఐదేండ్లకు ముప్పది లక్షల డాలర్లకు మించిన ఒడంబడిక చేసికొన్నాడు. ఆ కాగితము ఎంత బిగువైనదైనను, యజమాని నడతను కూడ కొలుచుటకు అందులో ఒక వాక్యమున్నది. ఆ వాక్యమును చదువుటకు ఇరుపక్షములకు చెందని ఒక మనుష్యుడున్నాడు. 1936 జూన్‌లో లార్డ్సు గదిలో ఈ రెండును లేవు. ప్యాడ్లు కట్టించి కూర్చుండబెట్టుట తప్పా, కాదా అని నాయకుని అడుగువారు అచట ఎవరు?

అమరనాథ్‌కు బోర్డుతో తగవు అంతటితో తీరలేదు. 1947-48లో స్వతంత్ర భారతపు జట్టునకు నాయకుడై ఆస్ట్రేలియా వెళ్లినారు. అచట బ్రాడ్‌మన్ తన వికెట్టును తానే తన్నుకొని అవుటగునట్లు చేసిన ఖ్యాతి ఈయన బంతిది. టెస్టులలో బ్రాడ్‌మన్‌కు అట్లు జరిగినది ఆ ఒక్క మారే. 1949లో బోర్డు అధ్యక్షుడు ఆంథొనీ డిమెల్లో క్రమశిక్షణ పేరిట ఆయనను మరల వెలివేసినారు. అప్పటి అమరనాథ్ మునుపటి యువకుడు కాడు. అభియోగములకు ప్రతిగా తానును పత్రము వ్రాసి లోకమునకు ప్రకటించినారు. 1952-53లో తిరిగి నాయకుడై పాకిస్థాను మీద 2-1 తేడాతో గెలిచినారు. భారతదేశము గెలిచిన మొదటి టెస్టు వరుస అది. భారత బోర్డు తన ఆటగాండ్రకు సంవత్సరపు ఒడంబడికలు వ్రాసి ఇచ్చుట ఆరంభించినది ఇరువది యొకటవ శతాబ్దపు తొలి సంవత్సరములలో మాత్రమే.

విజ్జీ గారి గూర్చి మేము కఠినముగా మాటలాడితిమని మా విజయనగరపు మిత్రులు నొచ్చుకొనవచ్చును. వారితో ఒక మాట. ఆయన ఆట తెలియని నాయకుడు. ఆట మీద ప్రేమ లేని మనిషి కారు. నాయకత్వమును ఆశించుట ఆయన తప్పు. ఇచ్చుట బోర్డు తప్పు. తరువాతి జీవితమున ఆయన ఉత్తరప్రదేశ్‌లోను, ఆంధ్రములోను క్రికెట్టును పెంచుటకు శ్రమించినారు. 1953-54లో ఆంధ్ర జట్టు రంజీ పోటీలలో తొలిసారి అడుగుపెట్టినపుడు దానికి ఏబది యేడులు దాటిన సి. కె. నాయుడు గారు నాయకుడు. విశాఖపట్నము నుండి విజ్జీ గారు లోకసభకు కూడ వెళ్లినారు. 1958లో పద్మభూషణ పురస్కారము వచ్చినది.

రేడియో వ్యాఖ్యాతగా ఆయన శైలి నిదానము. పాత కథలు మెండు. ఆయన తాను వేటాడిన వందల పులుల గూర్చి చెప్పుచుండగా వెస్టిండీసు ఆటగాడు రోహన్ కన్హాయి, మీరు తుపాకి పేల్చనేల, వ్యాఖ్యానము చేయుచు రేడియో పెట్టెను అడవిలో వదలివచ్చిన పులులు విసిగి చచ్చునని తానను కొంటినన్నట్లు పరిహాసమాడినాడని ఒక కథ చెప్పుకొందురు. నిజమో కల్పనయో గాని, రేడియో గల ఇండ్లలో ఈ కథ విని నవ్వనివారుండరు. 1965 డిసెంబరు 2వ తేదీన ఆయన కాశీలో కన్నుమూసినారు.

ఆ తగవునకు చివరి అంకము కూడ ఒకటి కలదు. 1954లో విజ్జీ గారు క్రికెట్టు బోర్డునకు అధ్యక్షులైనారు. ఆ సంవత్సరపు చివర భారత జట్టు మొదటిసారిగా పాకిస్థానునకు టెస్టు పర్యటనకు పోయినది. ఆ జట్టునకు మేనేజరు కావలసి వచ్చెను. పదునెనిమిదేండ్ల క్రిందట ఒక మేనేజరు చేతులలో ఓడ ఎక్కినవాడే, అమరనాథ్ గారే, విజ్జీ గారి అధ్యక్షతలోని బోర్డు పంపగా మేనేజరుగా వెళ్లినారు.

తరువాత 1994లో భారత బోర్డు జీవితకాలపు సేవకు ఒక పురస్కారమును నెలకొల్పి, దానికి సి. కె. నాయుడు గారి పేరు పెట్టినది. దానిని మొట్టమొదట అందుకొన్నవారు లాలా అమరనాథ్ గారు. అప్పటికాయనకు ఎనుబది మూడేండ్లు.